మాట అక్కర్లేని క్రేను

నా పని చెయ్యి ఊపడం. టవర్ క్రేను కింద నిలబడి, పైన క్యాబిన్‌లో కూర్చున్నవాడికి లోడు ఎటు తిప్పాలో, ఎంత దించాలో, ఎక్కడ ఆపాలో చేత్తో చెప్పాలి. అంత ఎత్తునుంచి వాడికి ఇనుప చువ్వల కట్ట కనపడుతుందిగాని, దాని కింద ఎవరి కాలు ఉందో కనపడదు. అది చూడటానికే నేను. పిడికిలి బిగిస్తే ఆపాలి. అరచెయ్యి కిందికి పెట్టి ఊపితే దించాలి. వేలు పైకెత్తి తిప్పితే ఎత్తాలి. ఇంతే విద్య. మూడో తరగతితో బడి మానేసినవాడికి ఇది సరిపోయింది. నోటితో పని లేదు కాబట్టి నాకు ఇంకా బాగా సరిపోయింది.

ఆ క్యాబిన్‌లో కూర్చునేవాడు మా తమ్ముడు.

ఈ సంగతి సైటులో ఎవరికీ తెలియదు. వాడు అమ్మ పోలిక, నేను నాన్న పోలిక. పక్కపక్కన నిలబెట్టినా అన్నదమ్ములని ఎవరూ అనుకోరు. మేమూ చెప్పలేదు. చెప్పాలంటే ముందు మేమిద్దరం మాట్లాడుకోవాలి. మా మధ్య మాటల్లేవు.

మాటలు పోయింది అమ్మ పోయిన రోజున. అమ్మ వాడి దగ్గర ఉండేది. ఆ రోజు నేను వేరే సైటులో ఉన్నాను. అక్కడ లోపలికి ఫోను పోనివ్వరు, గేటు దగ్గర అరలో పెట్టించి తాళం వేస్తారు. తమ్ముడు చేస్తూనే ఉన్నాడట. అది అరలో మోగుతూనే ఉందట. సాయంత్రం ఫోను తీసి చూసుకుని పరుగెత్తేసరికి దహనంతో సహా అంతా అయిపోయింది. అమ్మ మంచం మీద పరుపు లేదు. చుట్టి గోడకి నిలబెట్టేశారు.

"నేను వచ్చేదాకా కాసేపు ఆపలేకపోయావా" అన్నాను.

"ఆవిడే ఆగలేదు, నేనెవర్ని ఆపను" అన్నాడు వాడు.

మాట తప్పేమీ కాదు. అన్న తీరు గుచ్చుకుంది. వాడు నా మొహం కూడా చూడలేదు.

"ఇక నీకూ నాకూ మాటల్లేవు" అన్నాను.

"నీకు మాటలెప్పుడున్నాయి గనక" అన్నాడు.

గుమ్మంలో నిలబడి ఏడుస్తున్న మా మరదలు ఆ ఏడుపులోనే నవ్వు వచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను వచ్చేశాను. తరవాత వాడూ రాలేదు, నేనూ పోలేదు. ఆడవాళ్ళిద్దరూ మాత్రం బజారులో కలుసుకుని కబుర్లు చెప్పుకునేవారు. మా ఆవిడ ఇంటికి వచ్చి గోడకి చెబుతున్నట్టు ఆ కబుర్లన్నీ పైకి చెప్పేది. నేను విననట్టు వినేవాడిని.

కొన్నేళ్ళు గడిచాక కాంట్రాక్టరు నన్ను ఈ కొత్త సైటుకి పంపాడు. ఊరి నడిబొడ్డున పాత ఇళ్ళు రెండు వరసలు పడగొట్టి, ఆ కాస్త చోటులో ఆకాశంలోకి పోయే భవనాలు ఒకదాని తరవాత ఒకటి కడుతున్నారు. మొదటి రోజు పొద్దున కొక్కెం నా ముందుకి దిగింది. నేను చెయ్యి చూపించాను. అది ఊగకుండా వచ్చి, నేలకి జానెడు ఎత్తున ఆగి, అప్పుడు మెల్లిగా ఆనింది. నిద్రపోతున్న మనిషి పక్కన గ్లాసు పెట్టినట్టు ఆనింది.  అలా దించేవాడు ఒక్కడే. వాడికి కొక్కెం దించడం నేర్పిన రోజుల్లో కింద నిలబడింది నేనే. తల ఎత్తి చూశాను. ఎండలో క్యాబిన్ అద్దం మెరుస్తోంది, మనిషి కనపడలేదు. కొక్కెం కాసేపు అలాగే ఉండిపోయింది. వాడికీ తెలిసింది నా చెయ్యి.

ఇద్దరిలో ఎవరైనా మేస్త్రీ దగ్గరికి వెళ్ళి వేరే క్రేనుకి మార్చమని అడగొచ్చు. ఎవరం అడగలేదు.

పని ఎలా జరిగేదో చెప్పాలి. వాడు నాకంటే ముందే నిచ్చెన ఎక్కిపోయేవాడు. రోజంతా పైనే ఉండేవాడు. నేను వెళ్ళిపోయాక దిగేవాడు. భవనం పెరిగేకొద్దీ నేను కూడా అంతస్తు తరవాత అంతస్తు ఎక్కుతూ, ఎప్పుడూ వాడికి కనపడే చోట నిలబడేవాడిని. నిజానికి అక్కర్లేదు. చూపు ఆననప్పుడు మాట్లాడుకోవడానికి ఇద్దరికీ చెరో వాకీటాకీ ఇచ్చారు. మిగతా క్రేనులవాళ్ళు పొద్దస్తమానం వాటిలో వాగుతూనే ఉండేవారు. ఎడమకి, కుడికి, నీ కళ్ళు పోయాయా, టీ వచ్చిందా, అని. మాది నా నడుముకి వేలాడేది, అంతే. దాని మీట నొక్కితే నోరు విప్పాలి. అందుకని ఎంత ఎత్తైనా ఎక్కి, గాలికి ఒరుగుతూ, స్లాబు చివర నిలబడి చెయ్యి ఊపేవాడిని. అది చూసి కొత్తవాళ్ళు, "పెద్దాయనది పాతకాలం పనితనం" అనుకునేవారు. పనితనమూ కాదు, పాడూ కాదు. పంతం.

కాని చెయ్యి కూడా ఊరుకోదు. ఒకసారి వానాకాలంలో కొక్కెం పొద్దుటినుంచి బరువుగా, ఆగి ఆగి కదులుతోంది. వాడికి ఒంట్లో బాగాలేదని అర్థమైంది. చుట్టూ ఎవరూ చూడటం లేదని చూసుకుని నుదుటి మీద చెయ్యి పెట్టి చూపించాను. కొక్కెం కొంచెం పైకి లేచి ఆగింది. అవునని. చేతిలో మాత్ర వేసుకున్నట్టు నోటికి చూపించాను. కొక్కెం కదల్లేదు. వేసుకోలేదని. ఆ రోజు లోడుతోపాటు పైకి పోయే టీ క్యాన్‌లో మాత్రల పొట్లం పెట్టి పంపాను. పై అంతస్తులో టీ పోసేవాడు దాన్ని క్యాబిన్‌కి చేరవేశాడు.

ఇంకోసారి పొద్దున వచ్చేసరికి కొక్కేనికి చిన్న సంచి కట్టి ఉంది. పైకి ఎక్కేముందు కట్టి పోయాడు. విప్పితే మిఠాయి. వాడి కూతురికి పురుడు వచ్చిందన్నమాట. ఆడపిల్లా మగపిల్లాడా? భుజం మీదనుంచి జడ ఉన్నట్టు చేత్తో గీసి చూపించాను. కొక్కెం పైకి లేచింది. ఇంత ఎత్తుకి లేచింది. ఆ సాయంత్రం మా ఆవిడ బజారునుంచి వచ్చి, "విన్నారా, మీ తమ్ముడు తాతయ్యాడు" అంటే, "ఆడపిల్ల" అన్నాను. ఆవిడ సంచి కింద పెట్టేసింది.

"మీకెవరు చెప్పారు?"

"కొక్కెం."

"కొక్కెంతో మాట్లాడతారు, మనిషితో మాట్లాడరు. ఇద్దరికీ ముడుచుకున్న మూతులు పుట్టుకతోనే వచ్చాయి" అంది.

ఆ భవనాల గురించి రెండు మాటలు. నేను పనిలో చేరిన రోజుల్లో స్లాబు వేయాలంటే చెక్కలు కోసి, మేకులు కొట్టి, కర్రలు ఊతం పెట్టి నానా యాతన పడేవారు. ఇప్పుడు అల్యూమినియం అచ్చులు. గోడా స్లాబూ ఒకేసారి పోసేస్తారు. పిన్నులు తీసి, అచ్చులు పైకి అందించుకుని, మళ్ళీ బిగిస్తారు. వారానికో అంతస్తు లేస్తుంది. వడ్రంగి ఒక్కడు కనపడడు. తాపీ పనివాళ్ళూ తగ్గిపోయారు. స్నానాలగది కూడా అక్కడ కట్టరు. ఎక్కడో ఫ్యాక్టరీలో పలకలు, కొళాయిలు, అద్దం అన్నీ బిగించి, ప్లాస్టిక్ చుట్టి లారీ మీద తెస్తారు. మేము దాన్ని ఎత్తి ఖాళీలో దోపేయడమే. మనిషి తక్కువ, అచ్చు ఎక్కువ. ఇన్ని ఇళ్ళు లేస్తున్నాయి, కొన్నవాళ్ళు ఉండరట. కొని ఉంచుకుంటారట. పక్కన ముందే లేచిన భవనాల కిటికీల్లో సాయంత్రమైనా దీపం వెలగదు. ఇది నా గొడవ కాదు. చూశాను కాబట్టి చెప్పాను.

ఒక రోజు భోజనాల వేళ అందర్నీ కింద చోట పోగుచేశారు. పెద్ద సారు వచ్చాడు. ఆయన పక్కన ఇంజనీరమ్మ. మంచి పిల్ల, గట్టిగా మాట్లాడదు, మమ్మల్ని మీరు అంటుంది. తమ్ముడిని కూడా కిందికి రప్పించారు. మేస్త్రీ వచ్చి నన్ను రెక్క పట్టుకుని తీసుకుపోయి వాడి పక్కన నిలబెట్టాడు. ఇన్నేళ్ళలో అంత దగ్గరగా నిలబడటం అదే. వాడి చెవుల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. వాడి దగ్గర అమ్మ వాడిన సబ్బు వాసన వస్తోంది.

"సైటులో వాకీటాకీ మాటలన్నీ రికార్డు అవుతాయి. అన్ని క్రేనులవీ విన్నాం. అరుపులు, తిట్లు, గందరగోళం. ఈ ఒక్క క్రేనులో ఒక్క మాట కూడా లేదు. అయినా అన్నిటికంటే ఎక్కువ లోడు ఎత్తింది ఇదే. ఒక్క దెబ్బ లేదు, ఒక్క గీత లేదు" అంది ఇంజనీరమ్మ.

అందరూ చప్పట్లు కొట్టారు. పెద్ద సారు మా ఇద్దరికీ బంగారు రంగు హెల్మెట్లు పెట్టాడు.

"ఏమిటయ్యా మీ కిటుకు?" అని అడిగాడు.

"చేతులు సార్" అన్నాడు తమ్ముడు.

"అవును సార్" అన్నాను నేను.

ఇద్దరం సారుతోనే మాట్లాడాం. జనం వెనకనుంచి లోడు కట్టేవాడొకడు, "ఆ ఇద్దరికీ పెళ్ళి చేస్తే కాపురం గొడవ లేకుండా సాగుద్ది" అన్నాడు. వాడిని మేము గట్టిముడి అంటాం. వాడు వేసిన ముడి ఇంకొకడు విప్పలేడు. అందరూ నవ్వారు. తమ్ముడు కూడా నవ్వాడు. నేను వాడి నవ్వు విన్నాను.

ఆ తరవాత ఇంజనీరమ్మ అసలు విషయం చెప్పింది. ఇక ముందు క్రేనులో మనిషి కూర్చోడు. కొక్కేనికీ క్రేను చేతికీ కెమెరాలు పెడతారు. నడిపేవాడు ఊరికి ఆ చివర ఒక హాలులో కుర్చీలో కూర్చుని తెర మీద చూస్తూ నడుపుతాడు. అంత ఎత్తు ఎక్కక్కర్లేదు, ఎండ లేదు, పిడుగు భయం లేదు. పెద్ద పెద్ద ఊళ్ళలో అందరూ అలాగే చేస్తున్నారట. ఒక క్రేనుతో మొదలుపెట్టి చూడాలి. దాన్ని నడిపేవాడినే ఆ హాలుకి పంపుతారట.

"ఏ క్రేనుతో మొదలుపెట్టాలా అని చాలా ఆలోచించాం. మాట అక్కర్లేకుండా నడిచే క్రేను మీదొక్కటే. అందుకని మీదే ముందు" అంది. సంతోషంగా చెప్పింది. మాకు గౌరవమనే అనుకుంది పాపం.

మేస్త్రీ అడిగాడు, "మరి పెద్దాయన?"

"కెమెరా ఉంటుంది కదండీ" అంది. తరవాత నా వంక చూసి, "వేరే పని ఏదైనా చూద్దాం" అంది.

ఎడమకి, కుడికి, నీ కళ్ళు పోయాయా అని అరుచుకునేవాళ్ళ క్రేనులు అలాగే ఉండిపోయాయి. వాళ్ళ మనుషులు పైనా కిందా ఇప్పటికీ అలాగే ఉన్నారు. మేమిద్దరం ఆ వాకీటాకీలో రోజుకొక్కసారి బూతులు తిట్టుకున్నా మా క్రేను జోలికి వచ్చేవారు కాదు.

ఇంటికి పోయి చెప్పాను.  

"అయితే ఇక ఆ చేతి మాటలు కూడా ఉండవన్నమాట" అంది మా ఆవిడ. "చూడండి. వాడు ఆ క్యాబిన్ దిగి వచ్చే రోజున మీరు కింద ఉండండి. ఒక్క మాట అనండి. పెద్దవారు మీరు. ఆ రోజు దాటితే ఇక వాడెక్కడో, మీరెక్కడో."

"ఏమనను?"

"తిన్నావా అనండి. అంతకంటే ఏముంది, తిన్నావా అంటే చాలు. మిగతాది వాడే అంటాడు."

ఆ రోజు వచ్చింది. పని ముగిశాక నేను వెళ్ళిపోకుండా క్రేను మొదట్లో నిలబడ్డాను. వాడు నిచ్చెన మీద మెల్లిగా దిగి వచ్చాడు. వీపున సంచి, చంకలో క్యాబిన్ సీటు మీద వేసుకునే దిండు. ఆ దిండు మా అమ్మ కుట్టింది. కింద అడుగు పెట్టి నన్ను చూశాడు. చూసి పోలేదు. సంచి దించి, నడుము బెల్టు విప్పుకోవడం మొదలుపెట్టాడు. ఒక్కో కొక్కీ విప్పి, మళ్ళీ సరిచూసుకుని, అంత నిదానంగా బెల్టు విప్పేవాడిని నేనెక్కడా చూడలేదు. నా కోసం ఆగాడు. అది నాకు తెలుస్తూనే ఉంది.

తిన్నావా అనాలి. నోట్లో అది తయారుగా ఉంది. నాలుక లేవలేదు. పక్కనుంచి మనుషులు పోతున్నారు. లేబరు బస్సు హారన్ కొడుతోంది.

చివరికి వాడే అన్నాడు. నేల వైపు చూస్తూ అన్నాడు.

"రేపట్నుంచి నేను రాను."

ఇంతకంటే తేలిక చెయ్యలేడు మనిషి. నేను ఏమన్నా సరిపోయేది. నేను రెండు చేతులూ ముందుకి చాచి, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టి చూపించాను. పని అయిపోయింది, ఇక కట్టేయొచ్చు అని చెప్పే గుర్తు అది. చేతులు వాటంతటవే లేచాయి.

వాడు నా చేతుల వంక చూశాడు.

"ఇప్పుడు కూడా చెయ్యేనా" అన్నాడు.

సంచి భుజాన వేసుకుని, దిండు చంకలో పెట్టుకుని పోయాడు. బస్సు ఎక్కేటప్పుడు వెనక్కి తిరుగుతాడేమో అని చూశాను. తిరగలేదు.

మా ఆవిడ "అన్నారా?" అని అడిగింది. నా మొహం చూసి మళ్ళీ అడగలేదు.

నన్ను గేటు దగ్గర పెట్టారు. లారీ లోపలికి వచ్చేటప్పుడు ఎర్రజెండా, ఆకుపచ్చజెండా. అక్కడా చెయ్యి ఊపడమే. కాని లారీవాడు నా చెయ్యి చూడడు, జెండా చూస్తాడు. తలెత్తితే క్రేను కనపడుతుంది. క్యాబిన్ ఊడదీసి అక్కడ ఒక ఇనుపపెట్టె బిగించారు. కొక్కెం ఎక్కుతుంది, దిగుతుంది. లోడు ఆనడం చూస్తే చెయ్యి వాడిదే. మొదట్లో రెండుమూడుసార్లు దాని కింద నిలబడి, ఎవరూ చూడకుండా, నోటి దగ్గర వేళ్ళు పెట్టి చూపించాను. అది పట్టించుకోకుండా తన దారిన తాను పోయింది. కెమెరా లోడు చూస్తుందట. లోడు పక్కన నిలబడ్డ ముసలాడిని కాదు.

ఇంతలో తెలిసిందేమిటంటే, ఆ కెమెరా ఒక్కటీ చాలదు. ఎండ అద్దం మీద పడితే తెర మీద తెలుపు తప్ప ఏమీ కనపడదట. వాన పడితే అసలే కనపడదట. లోడు పక్క గోడకి ఎంత దూరంలో ఉందో తెర మీద తెలియదట. అందుకని లోడు కట్టేవాళ్ళకి వాకీటాకీ ఇచ్చి, ప్రతి కదలికా నోటితో చెప్పమన్నారు. మాట అక్కర్లేదని మార్చిన క్రేనుకి ఇప్పుడు మాట లేనిదే పూట గడవదు.

గట్టిముడి టీకి గేటు దగ్గరికి వచ్చేటప్పుడు వాకీటాకీ నడుముకి పెట్టుకుని వచ్చేవాడు. అలా విన్నాను తమ్ముడి గొంతు. మొదటిసారి విన్నప్పుడు చేతిలో జెండా జారిపోయింది.

"ఏం గట్టిముడీ, ముడి వేశావా, మూట కట్టావా?"

"మీరు లేపండి సార్, ఊడితే అప్పుడు అడగండి."

"ఊడితే నీ నెత్తి మీదే ఊడేది, నాకేం పోయింది. నేను ఏసీలో ఉన్నాను."

"మీకు ఏసీ, మాకు ఏడుపూనా సార్?"

అటునుంచి వాడు పగలబడి నవ్వాడు. గట్టిముడి టీ ఊదుకుంటూ నాతో అన్నాడు, "ఈయన నోరు మూతపడదు పెద్దాయనా. వాళ్ళావిడ కూర మాడ్చిన కథ దగ్గర్నుంచి మనవరాలు తిట్టిన తిట్లదాకా అన్నీ చెబుతాడు. నువ్వింతకాలం ఎలా భరించావయ్యా?"

"నాతో చెప్పేవాడు కాదు" అన్నాను.

"నీతో ఎవడు చెబుతాడులే" అన్నాడు నవ్వుతూ.

ఆ కబుర్లలోనే నాకు ఆశ పుట్టింది. మనవరాలు అప్పుడే తిట్లు నేర్చింది. అది వాడు చెప్పిందే, గట్టిముడి నోటినుంచి విన్నాను. నాతో అనకపోయినా విన్నాను. కొన్నాళ్ళకి గట్టిముడి భుజం పట్టేసి కొంచెం పని తగ్గించుకోవాల్సి వచ్చింది. వాకీటాకీకి ఇంకో మనిషి కావాలి. మేస్త్రీ గేటు దగ్గరికి వచ్చాడు.

"పెద్దాయనా, లోడు సంగతి నీకంటే తెలిసినవాడు లేడు. కాని నోటితో చెప్పాలి. చెప్పగలవా?"

"చెప్పగలను" అన్నాను. మేస్త్రీ ఆశ్చర్యపోయాడు. నేనూ ఆశ్చర్యపోయాను.

ఇంటికి పోయి మా ఆవిడతో చెప్పాను. ఆవిడ వెంటనే పొయ్యి ఆపేసి, గిన్నె నిండా నీళ్ళు పట్టుకుని వంటగది మధ్యలో నిలబడింది. కళ్ళు మూసుకుంది.

"ఇప్పుడు నేనే మీ క్రేను. ఈ గిన్నె ఆ బల్ల మీద పెట్టించండి. చెయ్యి ఊపితే నాకు కనపడదు, తెలుసుగా."

"ఎడమకి" అన్నాను.

"ఎంత ఎడమకి?"

"కొంచెం."

"మీ కొంచెమా, నా కొంచెమా?"

"అడుగు. ఆగు. కుడికి."

"ఇప్పుడేగా ఎడమకి అన్నారు. ఏ క్రేనువాడైనా ఈ పాటికి దిగి వచ్చి తంతాడు."

గిన్నె నా పాదం మీద పడింది. ఆవిడ కళ్ళు తెరిచి, నీళ్ళ మధ్య నిలబడి నవ్వింది. చాలా ఏళ్ళ తరవాత నేను కూడా నవ్వాను. రోజూ పనినుంచి వచ్చాక అదే పని. బకెట్, కుర్చీ, తలదిండు, ఇంట్లో ఉన్న వస్తువులన్నీ నా మాట మీద గాలిలో తిరిగాయి. మెల్లిగా వచ్చింది. రెండు మూరలు ఎడమకి. జానెడు దించు. ఆపు. నా గొంతు నాకే కొత్తగా ఉండేది.

"లోడు మాటలు వచ్చాయి. ఇక ఆ అసలు మాట" అంది మా ఆవిడ.

"తిన్నావా" అన్నాను, గోడ వైపు తిరిగి.

"నన్ను చూసి అనండి. ఆ, అలా. ఇంకోసారి."

"తిన్నావా."

ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "తిన్నాను" అంది.

నన్ను పైకి పంపిన రోజు ఎండ తీవ్రంగా ఉంది. తెర మీద ఏమీ కనపడటం లేదని పొద్దుటినుంచీ హాలువాళ్ళు మొత్తుకుంటున్నారు. లోడు ఒక స్నానాలగది. కిందనుంచి కట్టి లేపారు. అది మా అంతస్తు దాకా వచ్చి, భవనానికి కాస్త అవతల గాలిలో ఆగింది. ప్లాస్టిక్ ఒక మూల చిరిగి లోపలి అద్దం కనపడుతోంది. గట్టిముడి నడుముకున్న వాకీటాకీ తీసి నా చేతిలో పెట్టాడు. "ఈ మీట నొక్కి పట్టుకుని మాట్లాడు. వదిలేస్తే ఆయన మాట వినపడుతుంది" అన్నాడు. నాకు తెలుసు. అన్నేళ్ళు నడుముకి కట్టుకుని తిరిగినవాడిని.

నొక్కాను.

"పైన లోడు సిద్ధంగా ఉంది. రెండు మూరలు లోపలికి."

వదిలాను.  లోడు కదల్లేదు.

"లోడు సిద్ధంగా ఉంది" అన్నాను మళ్ళీ.

"ఎవరు?" అన్నాడు తమ్ముడు.

గట్టిముడితో మాట్లాడే గొంతు కాదది. అందులో నవ్వు లేదు.

"నేను" అన్నాను.

అటువైపు మీట నొక్కే ఉంచాడు.  వాడి ఊపిరి వినపడుతోంది. వెనక హాలులో ఇంకెవరో ఎవరితోనో మాట్లాడుతున్నారు. ఆ ఊపిరి వింటూ నేను నిలబడ్డాను. కాసేపటికి అది ఆగి, వాడు వదిలాడు. ఇప్పుడు నా వంతు. నొక్కాను. 

"తిన్నావా?" అన్నాను.

లోడు కట్టేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గట్టిముడి నా వంక వింతగా చూశాడు. గాలికి స్నానాలగది మెల్లిగా అటు తిరిగి, ఇటు తిరిగింది.

"మేస్త్రీ ఉన్నాడా అక్కడ?" అన్నాడు తమ్ముడు.

మేస్త్రీ పరుగున వచ్చి నా చేతిలో వాకీటాకీ మీదికి వంగాడు. "ఉన్నాను సార్."

"మీ మనిషి మాట నాకు అర్థం కావడం లేదు. మార్చండి."

"బాగానే చెప్పాడు కదా సార్. మాకందరికీ అర్థమైంది."

"నాకు అర్థం కావడం లేదు. అర్థం కాని మాట మీద లోడు దించను. అది రూలు, మీకూ తెలుసు."

"కొత్త కదా సార్, అలవాటైతే..."

"ఈయన ఉన్నంతసేపు లోడు గాలిలోనే ఉంటుంది" అన్నాడు వాడు. కోపంగా అనలేదు. అలిసిపోయినవాడు అన్నట్టు అన్నాడు.

ఆ రూలు నిజమే. కిందివాడి మాట అర్థం కాకపోతే నడిపేవాడు కాదనొచ్చు. ఎవరూ అడ్డు చెప్పడానికి లేదు. మేస్త్రీ నా చేతినుంచి వాకీటాకీ తీసుకోలేదు. నేనే ఇచ్చేశాను. ఆయన దాన్ని గట్టిముడికి ఇచ్చాడు. గట్టిముడి భుజం నొప్పితో మొహం చిట్లించి, మీట నొక్కి, "నేనే సార్. రెండు మూరలు లోపలికి" అన్నాడు. లోడు వెంటనే కదిలింది.

మేస్త్రీ నన్ను పక్కకి తీసుకుపోయాడు.

"ఆయన మామూలుగా ఎవర్నీ అలా అనడు. ఇన్నేళ్ళు కలిసి పనిచేశారు, నీ గొంతు గుర్తుపట్టలేదా పెద్దాయనా?"

"ఆయన నా గొంతు ఎప్పుడూ వినలేదు" అన్నాను.

"అదీ నిజమే" అన్నాడు మేస్త్రీ. "సరే, గేటు పని గేటు పనే. ఏం చేస్తాం."

స్నానాలగది ఊగకుండా లోపలికి వచ్చి, నేలకి జానెడు ఎత్తున ఆగి, మెల్లిగా ఆనింది. గట్టిముడి కట్లు విప్పుతూ, "ఏం సార్, పొద్దున్నే మనవరాలు తిట్టిందా ఏం, ఇవాళ అదోలా ఉన్నారు" అన్నాడు. అటునుంచి జవాబు రావడానికి కాస్త ఆలస్యమైంది. తరవాత వాడు ఏదో అన్నాడు. అందరూ నవ్వారు.

నేను లిఫ్టు దగ్గర నిలబడ్డాను. అది కిందినుంచి రావడానికి చాలాసేపు పడుతుంది. ఆ నవ్వు ఆగేదాకా రాలేదు.